దామోదర్ పటేలు చేతి బోణి

గా రాయి మీది పేరా? సైకిల్ దుకాణం ముంగట మెట్టు లెక్క ఏసిండ్రు, గదే గద నువ్వడిగేది? అండ్ల "ప్రారంభకులు" అన్న మాట ఒక్కటే కనవడుతది ఇప్పుడు. మిగిలిందంత మనోళ్ల చెప్పులే తుడిచేసినయి. కూసో, చెప్త. అట్ల కాదు, గా కుర్చీ ఇటు దిక్కు జరుపుకో, నాకు గీ చెవు పనిజెయ్యది. ఎట్ల జేస్తది, ఒక్క మనిషి మాట్లాడిన మాటలకే అది పోయింది. నవ్వకు, నిజమే చెప్తున్న. మెదక్ల మొట్టమొదలు మైకు సెట్టు తెచ్చింది నేను. శామియానా, ఇనుప కుర్చీలు, జంఖానాలు, గింత పొడుగు రెండు హారన్లు. గందుకే మైకు ఎల్లం అంటరు నన్ను, మీ తాత సుత గట్లనే పిలుస్తుండె. ఊర్ల ఏ దుకాణం తెరిచినా, ఏ మీటింగు పెట్టినా నేను ముందుగాల పోయి గుంజలు పాతాలె, తీగెలు గుంజాలె, "హలో హలో" అని మూడుమాట్ల అనాలె. నా తర్వాత మైకు ముంగటికి వచ్చేది ఒక్కడే, దామోదర్ పటేలు. గా రాయి మీద ఉండె పేరు గాయనదే.

కౌడిపల్లి దిక్కు భూములు గాయనయి. మస్తు భూములు. నిజాం జమానాల శేర్వానీ తొడిగిన మనిషి, ఆంధ్రప్రదేశ్ అయిందో లేదో ఖద్దరుకు దిగిండు. ఊర్ల ఉంటే ఏముంటది, బర్లు, ఎడ్లు, పాలేర్లు. గాళ్ల ముంగట ఉపన్యాసం చెప్తే చప్పట్లు ఎవలు కొడ్తరు? గందుకని మెదక్కు వచ్చి చర్చి రోడ్డుల ఇల్లు కట్టిండు. అప్పటి మెదక్ అంటే ఏమనుకున్నవ్. జిల్లా పేరు మనది, జిల్లా కచేరీ సంగారెడ్డిల. చర్చి చూడనీకె వచ్చేటోళ్లు వస్తరు, చూసి పోతరు. ఉన్నోళ్లకు పొద్దుగూకితే మంచి బట్టలు ఏసుకొని పోనీకె ఒక్క జాగ లేకుండె. పటేలు గా లోటు తీర్చిండు. మెదక్ పట్టణ సేవా సమాజం అని పెట్టిండు. అధ్యక్షుడు తనే. ఉపాధ్యక్షుడు బామ్మర్ది. కార్యదర్శి బామ్మర్ది షడ్డకుడు. సభ్యులెవలంటే, గాయన ఇంట్ల చాయ్ తాగినోళ్లందరు. ఎవలన్న "పటేలా, సమాజం ఏం జేస్తది" అంటే "సేవ" అంటుండె. దానికి మించి ఇంకో మాట చెప్పకపోతుండె.

చేసిండు తియ్, చేయలేదనద్దు. దుప్పట్లు పంచిండు ఒకసారి, గరీబోళ్లకు. ఎప్పుడనుకున్నవ్? నడి ఎండకాలంల. అవు, రోహిణి కార్తె. ఎందుకంటే సంగారెడ్డికెల్లి పెద్దాఫీసరు రావాలె, గాయనకు అప్పుడే తీరింది. నా శామియానా కింద గరీబోళ్లను వరసగ కూసోబెట్టి, ఒక్కొక్కరి మీద ఉన్ని దుప్పటి కప్పి, ఫోటో దిగిందాక తియ్యద్దని చెప్పిండ్రు. ఫోటో ఆయన పెట్టెల తలకాయ పెట్టిండు, తియ్యడు. ముసలోళ్లు చెమటలు కారుకుంట కూసున్నరు. అప్పుడు ఎలిశిబా టీచరమ్మ లేచింది. మిషన్ స్కూల్ల సదువు చెప్పి రిటైరయినామె, గామెకు భయం లేకుండె. "పటేలుగారూ, గివి ఇప్పుడు కప్పుకుంటే పాణం పోతది. పేర్లు రాసి పెట్టుకోండ్రి, క్రిస్మస్‌కు వచ్చి తీసుకుంటరు" అన్నది. పటేలు ఏమన్నడో తెలుసా, మైకు దగ్గరికి గుంజుకొని గొంతు సదురుకొని, "మానవ సేవకు కాలంతోని పని లేదు" అన్నడు. పెద్దాఫీసరు చప్పట్లు కొట్టిండు. ఆయన కొడితే అందరు కొట్టిండ్రు. దుప్పటి కప్పుకున్నోళ్లు సుత చేతులు బయటికి తీసి కొట్టిండ్రు.

గాని గాయనకు అసలు పిచ్చి సేవ కాదు. దుకాణాలు తెరుసుడు. అప్పుడప్పుడే ఊర్లకు కొత్తకొత్తయి వస్తుండె. ఉడిపి హోటలు, ఐసు ఫ్యాక్టరీ, కిరాయి సైకిళ్లు, మందుల దుకాణం. ఏది తెరిచినా పటేలే రిబ్బన్ కత్తిరియ్యాలె. సొంత కత్తెర ఉండె గాయనకు, మఖ్మల్ డబ్బల పెట్టుకొని తెచ్చుకుంటుండె. మనోళ్లు ఒక్క మాట అంటుండ్రి గాయనతోని, "పటేలా, మీ చెయ్యి మంచిది" అని. గా ఒక్క మాట మీద బతికిండు గా మనిషి. తిండి లేకున్నా ఉంటుండె గాని గా మాట వినకుండ ఉండకపోతుండె. రిబ్బన్ తెగంగనే దుకాణమాయన ముఖం దిక్కు చూస్తుండె, ఇంక అంటలేడేంది అన్నట్టు. అన్నంక అప్పుడు మైకు పట్టుకొని, "నేను ఎక్కువ మాట్లాడను" అంటుండె. గా మాట వింటే నేను బీడీ ముట్టించుకొని గుంజకు ఆనుకొని కూసుంటుంటి. మిర్చీలు చల్లారిపోయేదాక అయిపోకపోతుండె.

మరి గాయన తెరిచినయి నడిచినయా అంటవా? నీకు అనుమానం మంచిగనే వచ్చింది. నడవలే. ఉడిపి హోటలు పండుగ దాక నిలువలే. ఐసు ఫ్యాక్టరీల ఐసు కంటె ముందుగాల ఫ్యాక్టరే కరిగిపోయింది. కిరాయి సైకిళ్లాయన రామాయంపేటకు పోయి పంక్చర్లు ఏసుకున్నడు. ఊరంత ఏమన్నరంటే, పటేలు చెయ్యి పడ్డది, మునిగింది అన్నరు. నన్నడిగితే చెయ్యి కాదు బిడ్డా, నోరు. తెరిచిన మర్నాటి నుంచి పటేలు, బామ్మర్ది, బామ్మర్ది షడ్డకుడు, గాళ్ల ఎంబడి తిరిగేటోళ్లు, అందరు గండ్లనే కూసుంటుండ్రి. "మనం తెరిచిన హోటలే గద" అని ఇడ్లీలు తినుడు, "మనం తెరిచిన దుకాణమే గద" అని సైకిళ్లు తొక్కుడు. ఎవలన్న పైస అడుగుతరా చీఫ్ గెస్టును? గట్ల తింటె కొండ సుత కరుగుతది. గాని ఊరోళ్లకు గా లెక్క పట్టలే, చెయ్యి అనే పట్టింది. పిలువకుంటే ఏమైతదో అని భయం, పిలిస్తే మునుగుతదని భయం. దుకాణం పెట్టేటోడు గట్ల మస్తు పరేషాన్ అయితుండె.

దానికి తొవ్వ చూపింది రాంచందర్. బట్టల దుకాణం రాంచందర్, చౌరస్తల ఇప్పుడు మూడంతస్తులు ఉన్నది సూడు, గది. చూపింది అంటే తెలిసి చూపలే, గట్ల అయింది. తెరిచేనాడు తెల్లారగట్ల నేను హారన్ కడుతున్న. షాజహాన్ బీ వచ్చింది. గామె గాజులామె. భుజం మీద గాజుల మలారం ఏసుకొని ఇండ్లిండ్లు తిరిగేది. ఊర్ల పెండ్లి పిల్లకు గాజులు తొడగాలంటే గామెనే రావాలె, ఒక్క గాజు పలగకుండ తొడుగుతుండె, చెయ్యి వెన్న లెక్క మెత్తగ. మొగడు జలాల్ టాంగా నడుపుతుండె. రాంచందర్ తల్లి గామెను చూసి, "బీబీ, రా, నీ చేతితోని బోణి చేసిపో, పటేలు పదింటికి వస్తడు" అన్నది. బోణి అంటే తెలుసు గద నీకు, కొత్త దుకాణంల మొదటి బేరం. మొదటి బేరం ఎవలు చేస్తే దుకాణం వాళ్ల చేతి మీద నడుస్తదని మనోళ్ల నమ్మకం. బీబీ సగం షటరు కింద వంగి లోపలికి పోయింది, రవిక గుడ్డ కొన్నది, పైస చేతుల పెట్టింది, పోయింది. రాంచందర్ షటరు దించిండు, రిబ్బన్ కట్టిండు, పది గొట్టంగ పటేలు వచ్చి కత్తిరిచ్చిండు. ఇగ దుకాణం ఎట్ల నడిచిందంటవ్, పటేలు మందికి ఊరికె ధోతులు ఇచ్చినా మునుగలే.

గంతే. ఇగ ఊర్ల ఏది తెరిచినా రెండుసార్లు తెరుసుడు. తెల్లారగట్ల జలాల్ టాంగా ఏ దుకాణం ముంగట ఆగితే గా దుకాణం తెరిచినట్టు. షాజహాన్ బీ పోయి ఏదో ఒకటి కొనాలె. కిరాణంల గింత శనగపప్పు, మందుల దుకాణంల ఒక అమృతాంజనం డబ్బ. మళ్ల అన్నీ సర్ది, షటరు ఏసి, ఏమెరుగనట్టు పది దాక కూసునుడు. పటేలు వచ్చినంక ఏం నటిస్తుండ్రి అనుకున్నవ్. రాంచందర్ తమ్ముడు గిన్నెల దుకాణం తెరిచిననాడు పటేలు రెండు చేతులు పట్టుకొని, "మీరు రాకుంటే గీ షటరు లేవది పటేలా, పొద్దటిసంది తాళం తియ్యనీకె నాకు మనసొస్తలేదు" అన్నడు. నేను గుంజెనక నిలవడి నోట్ల దస్తీ కుక్కుకున్న. పటేలుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఊరంత తెలుసు, హిందువులకు తెలుసు, తురకోళ్లకు తెలుసు, చర్చోళ్లకు తెలుసు. గాయనకు ఒక్కనికే తెల్వది. మనూరోళ్లు ఏ ముచ్చటన్నా పొద్దుగూకకముందే పది నోర్లల్ల ఏస్తరు. గీ ఒక్క ముచ్చట్లనే అందరు నోరు మూసుకున్నరు, అన్ని ఏండ్లు. పటేలంటే భయముండె, కాదన. గాని అంతకంటె ఎక్కువ, మనోళ్లకు అండ్ల మజా వచ్చింది.

ఆఁ? షాజహాన్ బీకి ఏమిచ్చిండ్రు అంటవా? ఏమీ తీసుకోకపోతుండె. "అరె భాయ్, అల్లా ఇచ్చిన చెయ్యి, నేను సంపాదించిన్నా" అంటుండె. మంచి మనిషి. నవ్వితే పాన్ తిన్న పండ్లు ఎర్రగ కనవడుతుండె.

ఇగ అసలు సంగతికి వస్త. పటేలు భూములు ఒక్కొక్కటి పోయినయి. శామియానా కింద సేవ జేస్తే భూములు ఉంటయా. నాకే మస్తు బాకీ ఉండె, అది ఇప్పుడు ఎందుకు తియ్. ఆఖరుకు కౌడిపల్లి కాడ ఒక్క చెలక మిగిలింది, అదీ అమ్మి, ఇంటామె మెడల నగలు సుత అమ్మి రైస్ మిల్ పెట్టిండు, రామాయంపేట రోడ్డుల. ఇంటామె కౌసల్యమ్మ. సన్నగ, మెల్లగ మాట్లాడేది, మీటింగులల్ల ముందు వరసల కూసొని ఏ మాటకూ ముఖం మార్చకుండ వినేది. మిల్లు తెరిచేది రేపనంగ నా కాడికి వచ్చింది. "ఎల్లం, బీబీకి చెప్పు, తెల్లారగట్ల రమ్మను" అన్నది. నేను గామె దిక్కు చూసిన. గామె నేల దిక్కు చూసింది. "ఇది మునిగితే మాకు పొయ్యి ఎలుగది. గాయనకు చెప్పకు" అన్నది. గామెకు ఎట్ల తెలిసిందంటవా, గాజులు తొడిపిచ్చుకునేకాడ ఆడోళ్లు మాట్లాడుకోని ముచ్చట ఏమన్న ఉంటదా. అన్ని ఏండ్లసంది తెలుసు గామెకు. మొగనితోని ఒక్క మాట అనలే.

సరే, బీబీ వచ్చింది, కొంగుల కుంచెడు వడ్లు కట్టుకొని. మిల్లుల బోణి అంటే వడ్లు పట్టియ్యాలె గద, రవిక గుడ్డ కొన్నట్టు కాదు. అగో, గక్కడనే తప్పు జరిగింది. కౌసల్యమ్మకు తట్టలే, బీబీకి తట్టలే, నాకు తట్టలే. దుకాణం సగం షటరు కింద తెరువచ్చు. మిల్లు ఎట్ల తెరుస్తవ్? ఇంజను నడువాలె. మిస్త్రీ హ్యాండిలు తిప్పిండు. డీజిల్ ఇంజను, పైకి గింత గొట్టం. డుగ్గు డుగ్గు డుగ్గుమని ఎత్తుకున్నది సూడు, ఖిల్లా గోడల కాడికెల్లి మళ్లొచ్చింది చప్పుడు. ఊరంత లేచింది. ఆకిళ్లు ఊడ్చేటోళ్లు చీపుర్లు పట్టుకొని నవ్వుకున్నరంట, పటేలు మిల్లుకు బీబీ వచ్చిందని. కుంచెడు వడ్లకు అంత ఇంజను, వద్దు ఆపు అంటె మిస్త్రీకి వినస్తలేదు. కౌసల్యమ్మ చేతులూపుతున్నది, వాడు సలాం చేస్తున్నడు. అండ్లనే పటేలు వచ్చిండు. ఇంట్ల గడ్డం గీసుకుంటున్నడంట, చెంపకు సబ్బు అట్లనే ఉన్నది. ఇంజను చెడగొడుతున్నరేమో అని ఉరికొచ్చిండు. వచ్చి చూస్తె ఏమున్నది, కౌసల్యమ్మ యంత్రానికి బొట్టు పెట్టి ఉన్నది, షాజహాన్ బీ కొంగుల బియ్యం పట్టుకొని నిలవడ్డది, జలాల్ టాంగా గేటు కాడ ఉన్నది.

మిస్త్రీ అప్పుడాపిండు ఇంజను. పటేలు బీబీ దిక్కు చూడలే, పెండ్లాం దిక్కు చూసిండు. "నా మిల్లు" అన్నడు. "నా చేతితోని తెరిచేది ఉండె" అన్నడు. కౌసల్యమ్మ మెల్లగనే అన్నది, గాని అందరికి వినొచ్చింది. "మీ చెయ్యంటే నాకు భయం" అన్నది. "ఊరోళ్లవి మునిగితే ఊరోళ్లు ఏడుస్తరు. ఇది మనది" అన్నది. గాయన బీబీ దిక్కు తిరిగిండు. "రాంచందర్ దుకాణం?" అన్నడు. బీబీ తల దించుకొని, "హా సాబ్" అన్నది. "గిన్నెలది?" "హా సాబ్." "మందులది?" "హా సాబ్." అడుగుతనే ఉన్నడు, గామె హా అంటనే ఉన్నది. ఆఖరుకు, "ఒక్కటి, నేను తెరిచింది ఒక్కటన్న ఉన్నదా" అన్నడు. పాపం బీబీ మస్తు ఆలోచన చేసింది, అబద్ధం ఆడరాదు గామెకు. "హై సాబ్. బస్సులు ఆగేకాడ మొగోళ్ల మూత్రశాల. దానికి నేను పోలే" అన్నది. మిస్త్రీ పోరడు నవ్విండు. నేను నవ్వలే. మొదటిసారి నాకు నవ్వు రాలే.

పది గొట్టంగ ఏం జేసిండో చెప్పు చూద్దాం. ఏం మానలే. స్నానం చేసి, కొత్త ఖద్దరు ఏసుకొని, కత్తెర డబ్బ పట్టుకొని వచ్చిండు. ఊరంత వచ్చింది, ఎవల ముఖం ఎవలు చూసుకోకుండ. రిబ్బన్ కత్తిరిచ్చిండు. "నేను ఎక్కువ మాట్లాడను" అన్నడు. ఎప్పుడు మాట్లాడేదానికి రెండింతలు మాట్లాడిండు. భారతదేశంల పరిశ్రమలు అన్నడు, రైతు అన్నడు, ఎక్కడ ఆపాలనో తెలుస్తలేదు గాయనకు, ఆపితే జనం తన దిక్కు చూస్తరని. కౌసల్యమ్మ ముందు వరసల కూసొని ఎప్పటి లెక్కనే విన్నది. మిల్లు నడిచింది. మంచిగ నడిచింది, ఘనపురం కాలువ కింది వడ్లన్ని దానికే వచ్చినయి. కౌసల్యమ్మ గల్ల పెట్టె కాడ కూసున్నది, ఎవలకూ ఊరికె పట్టియ్యలే, బామ్మర్దికి సుత. నేను నీకు చెప్పలేదా, చెయ్యి కాదు నోరని?

అటెన్క పటేలును పిలుస్తనే ఉన్నరు, గాయన పోతనే ఉన్నడు. గాని ఒకటి మారింది. మెట్లు ఎక్కంగ దుకాణమాయన చెవుల మెల్లగ, "బీబీ వచ్చిపోయిందా" అని అడుగుతుండె. వచ్చింది అంటే రిబ్బన్ కత్తిరిస్తుండె. ఒకడు సిగ్గుకు "ఏ బీబీ పటేలా, మాకు మీరే" అన్నడు. పటేలు కత్తెర డబ్బల పెట్టి, "మొదలు టాంగా పంపు, నేను కూసుంట" అని నా ఇనుప కుర్చీల కూసున్నడు. కూసున్నంత సేపు మిర్చీలు తిన్నడు. గది మాత్రం మానలే ఎన్నటికీ.

షాజహాన్ బీ చలికాలంల పోయింది, దమ్ము రోగంతోని. దవాఖానల రెండు దినాలు ఉన్నది గంతే. పటేలు మయ్యత్ ఎంబడి ఖబ్రస్తాన్ గేటు దాక నడిచిండు, చెప్పులు లేకుండ. మర్నాటిసంది రిబ్బన్లు బంద్ పెట్టిండు. ఎవలొచ్చి పిలిచినా, "గామె లేకుండ నేను తెరిస్తే మునుగుతది, మిమ్ముల ముంచనీకె నాకు మనసొప్పది" అంటుండె. ఊరోళ్లకు మంచిగయింది అనుకున్నవా? కాలే. మునుపు భయపడి పిలిచినోళ్లే ఇప్పుడు గాయన లేక తెరిచినట్టు అయితలేదన్నరు. మనోళ్లది గంతే, ఎట్లైనా ఒర్వరు.

బీబీకి ఒక్కతే బిడ్డె, రబియా. గామె మొగడు అహ్మద్ ఇండ్లు కట్టె మేస్త్రి, పరంజ మీదికెల్లి పడి నడుము పోయింది, మంచంల ఉన్నడు. ఇండ్లు తిరిగితే సాలుతలేదని రబియా చౌరస్తల ఒక అర్ర కిరాయికి తీసుకొని గాజుల దుకాణం పెట్టింది. అది నడిస్తెనే తిండి, లేకుంటే లేదు. సీదా పటేలు ఇంటికి పోయింది. గాయన దండం పెట్టిండంట, "నన్ను వద్దు బిడ్డా" అని. రబియా ఏమన్నదంటే, "పదింటికి కాదు సాబ్. అమ్మీ లేదు. తెల్లారగట్ల మీరే రావాలె, బోణి మీరే చెయ్యాలె" అన్నది. మా అమ్మీ మీ గురించి ఎప్పుడు తప్పు మాట్లాడలే అని సుత అన్నది. ముసలాయన గీ మాట కోసమే గద పుట్టినకాడికెల్లి ఎదురుచూసింది. చేతిల కత్తెర లేకుండ, మైకు లేకుండ, నిజంగ ఒకరు తన చెయ్యి అడుగుడు.

గానాడు నేను గుంజలు పాతుతున్న, పదింటి మీటింగు సుత ఉండె మరి, రబియా గాయనకు గది సుత ఇచ్చింది. ఇంక మబ్బు మబ్బుగనే ఉన్నది. ఎవలో శాలువ కప్పుకొని గల్లీ దిక్కుకెల్లి వస్తున్నరు. దగ్గరికొస్తె కౌసల్యమ్మ. "ఏందమ్మా" అన్న. "మాట్లాడకు ఎల్లం" అన్నది. లోపలికి పోయి, "రబియా, ఎర్ర గాజులు తొడుగు, తొందరగ" అన్నది. రబియా, "పటేల్ సాబ్ వస్తరమ్మా" అన్నది. "గందుకే వచ్చిన" అన్నది కౌసల్యమ్మ. "మీ అమ్మ నా పొయ్యి నిలవెట్టింది. నీ పొయ్యిని తీసుకపోయి గాయన చేతుల పెట్టి నేను ఇంట్ల ఎట్ల కూసుంట? మా ఆయన మీద నాకు ప్రేమ లేక కాదు బిడ్డా. నమ్మకం లేదు" అన్నది. గాజులు తొడిగిచ్చుకొని, పైసలు పెట్టి, కొంగుల చేతులు దాచుకొని అదే గల్లీల పోయింది. పోంగ నా దిక్కు చూసింది, గంతే. నేను మళ్ల నోరు మూసుకున్న.

గామె మలుపు తిరిగిందో లేదో పటేలు వచ్చిండు. ఒక్కడే, బామ్మర్ది లేడు, షడ్డకుడు లేడు. గడప కాడ చెప్పులు ఇడిచిండు. "నీకు భయం లేదా బిడ్డా" అన్నడు. "లేదు సాబ్" అన్నది రబియా. ఎందుకుంటది, బోణి అయిపాయె. పచ్చ గాజులు ఏరుకున్నడు, ఒక్కొక్కటి ఎలుగుకు పట్టి చూసి, పలిగినయి లేకుండ. ఇంటామె సైజు తెల్వది గాయనకు, రబియానే చెప్పింది. పైసలు ఇచ్చిండు. అవు, ఇచ్చిండు, నా కండ్లతోని చూసిన, మెదక్ల గాయన పైసలిచ్చి కొన్నది నేను చూసింది గదొక్కటే. కాయితంల చుట్టిచ్చుకొని, రెండు చేతులతోని పట్టుకొని పోయిండు.

పదింటికి జనం మస్తు వచ్చిండ్రు. కౌసల్యమ్మ ముందు వరసల కూసున్నది, మొగడు తెచ్చిన పచ్చ గాజులు తొడుక్కొని, కొంగు మణికట్టు దాక గుంజుకొని. పటేలు మైకు ముంగటికి వచ్చిండు. "నేను ఎక్కువ మాట్లాడను" అనలే గానాడు. "గీ దుకాణం బోణి ఎవలు చేసిండ్రో తెలుసా మీకు" అన్నడు. "నేను చేసిన. పొద్దుగాల, ఎవ్వలు రాకముందు, నా చేతితోని. కౌసల్యా, చెయ్యెత్తి చూపియ్యి అందరికి" అన్నడు. గామె లేవలే. మళ్ల పిలిచిండు. పక్కకున్న ఆడోళ్లు, "లెవ్వు అక్కా, లెవ్వు" అని గామె చెయ్యి పట్టి లేపిండ్రు. కొంగు జారింది. పచ్చ గాజులు, వాటి కింద ఎర్రయి, తొడిగిన నాడే తీస్తే కీడని గామె తియ్యలే. రెండూ కొత్తయే, మెరుస్తున్నయి. పటేలు చూసిండు. రబియా దిక్కు చూసిండు, గామె తలకాయ పక్కకు తిప్పుకున్నది. జనమంత చూసిండ్రు. గాయన మైకు గుంజ పట్టుకొని, మెల్లగ, "నేనే చేసిన అనుకుందాం" అన్నడు. అని పోయి ఇంటామె పక్కకున్న కుర్చీల కూసున్నడు.

దుకాణమా, నడిచింది. అగో, చూడు, నీ చాయ్ మీద మీగడ కట్టింది, తాగు ముందుగాల.